వచ్చేవాళ్ళ సేవ, ఉండేవాళ్ళ పని

క్రిస్మస్ సెలవులు దగ్గరపడుతున్నాయంటే ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు వైపు కొన్ని చర్చిల్లోనూ ట్రస్టు ఆఫీసుల్లోనూ హడావుడి మొదలవుతుంది. అమెరికా నుంచి అతిథులు వస్తున్నారన్న కబురే దానికి కారణం. అమ్మ, నాన్న, హైస్కూలు చదివే ఇద్దరు పిల్లలు. పది రోజులో రెండు వారాలో ఉంటారు. బడి గోడకు రంగు వేస్తారు, పిల్లలతో ఆటలాడతారు, ఒక పూట మెడికల్ క్యాంపు పెడతారు, ఒక సాయంత్రం దుప్పట్లు పంచుతారు, ఆదివారం సభలో నాలుగు మాటలు మాట్లాడతారు. వాళ్ళ చర్చిల్లో దీన్ని మిషన్ ట్రిప్ అంటారు. ఇదేదో ఎక్కడో ఒకరిద్దరు చేసే పని కాదు. రాబర్ట్ వుత్‌నౌ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త సర్వే ఆధారంగా కట్టిన లెక్క ప్రకారం ఆ దేశపు చర్చి సభ్యుల్లో ఏటా సుమారు 16 లక్షల మంది పెద్దవాళ్ళు ఇలా విదేశాలకు బయలుదేరతారు. వీళ్ళతోపాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో స్థిరపడి, పిల్లలకు సొంతూరు చూపించినట్టూ ఉంటుంది, కాస్త సేవ చేయించినట్టూ ఉంటుందని డిసెంబరులో దిగే కుటుంబాలు. వాళ్ళ చేతిలో బైబిలు ఉండకపోవచ్చు, చేసే పని మాత్రం దాదాపు అదే.

ఈ అతిథులు మంచివాళ్ళా కాదా అన్నది ఇవాళ్టి చర్చ కాదు. చాలామంది మంచివాళ్ళే. సొంత డబ్బు ఖర్చు పెట్టుకుని, సెలవులు మానుకుని వస్తున్నారు. నేను అడగదలచింది వేరు. వాళ్ళు ఇక్కడ చేయాల్సిన పనిని ఎవరు నిర్ణయిస్తున్నారు? వాళ్ళు విమానం ఎక్కిన మర్నాడు ఆ పని ఎవరి చేతిలో ఉంటుంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఈ గడ్డ మీద ఉండేవాళ్ళే అయినప్పుడు పది రోజుల రాక కూడా పనికొస్తుంది. జవాబు వచ్చేవాళ్ళే అయినప్పుడు ఏళ్ళ తరబడి వచ్చినా పెద్దగా మిగిలేది ఉండదు. తప్పు వచ్చేవాళ్ళ కంటే పిలిచేవాళ్ళలో, అంటే మనలో, ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

ఈ డెల్టాకు విదేశీ కుటుంబాలు రావడం కొత్త సంగతేమీ కాదు. 1836లో ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు భార్యలను వెంటబెట్టుకుని ఓడెక్కారు. ఒకరు రాతిపనివారు, మరొకరు చెప్పులు కుట్టేవారు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో కాపురం పెట్టారు. వాళ్ళ పిల్లల తరం కూడా ఈ డెల్టాలోనే పనిచేసింది. అమెరికా నుంచి లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు చేరారు. రెండేళ్ళకు వాల్టర్ గన్ భార్య లొరీనాతో కలిసి వచ్చారు, 1851లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆ లూథరన్ల పని తర్వాత రాజమండ్రి మీదుగా పడమటి డెల్టాకు పాకింది. తాడేపల్లిగూడెం, భీమవరం వాళ్ళ కేంద్రాలయ్యాయి. కొల్లేటి అంచున ఆకివీడు కెనడా బాప్టిస్టుల చోటు. జాన్ క్రెయిగ్ అక్కడ పనిచేసినవారే. తెలుగువాళ్ళ మధ్య ఆ మిషన్ గడిపిన నలభై ఏళ్ళ గురించి ఆయన 1908లో ఒక పుస్తకమే వేశారు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. ఆమె పేరుతో జనం చెప్పుకునే ఆసుపత్రి తెరుచుకున్నది 1898లో. అంటే మధ్యలో పదిహేనేళ్ళు. 1930లో ఆమె చనిపోయింది కూడా గుంటూరులోనే. ఈ పేర్లన్నీ వాళ్ళను పొగడడానికి చెప్పడం లేదు. ఒక్క సంగతి గమనించమంటున్నాను. వీళ్ళెవరూ తిరుగు టికెట్టు తేదీ వేసుకుని రాలేదు. మొదటి ఏడాదీ రెండో ఏడాదీ తెలుగు నేర్చుకోవడంతోనే సరిపోయేది. ఊళ్ళలో జరిగిన పనిలో సింహభాగం చేసింది కూడా వాళ్ళు కాదు. తెలుగు పంతుళ్ళు, బైబిలు స్త్రీలు, కాంపౌండర్లు, నర్సులు చేశారు. అమెరికా నివేదికల్లో వాళ్ళ పేర్లు అరుదుగా కనిపిస్తాయి, అది వేరే కథ. 1842లో మొదలైన ఆ లూథరన్ పని 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా ఇక్కడి సంస్థ రూపం తీసుకోవడానికి 85 ఏళ్ళు పట్టింది. పగ్గాలు అప్పగించడం ఎంత నిదానంగా జరిగిందో చూడండి. అయినా అప్పగించారు కాబట్టే అది నిలిచింది.

అదే కాలంలోని మరో అమెరికన్ పని ఇవాళ్టి చర్చకు ఇంకా దగ్గరగా ఉంది. అది ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ చేసింది. 1876–78 ధాతు కరువులో జనం రాలిపోతుంటే ఆయన గంజి పోసి ఊరుకోలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకున్నారు. ఆయనకు అమెరికాలో సర్వే పని చేసిన అనుభవం ఉంది. ఆ విద్యను కాంట్రాక్టు నడపడానికి వాడారు. పలుగు పార పట్టింది ఇక్కడి మనుషులు, కూలి ముట్టింది వాళ్ళకు. దాన్నుంచి ఆయన చర్చికి లాభం జరిగిందన్నది నిజమే. కరువు తగ్గాక వేలమంది బాప్తిస్మం తీసుకున్నారు, దాని మీద విమర్శా ఉంది. ఆ విమర్శను పక్కన పెట్టకుండానే ఒక మాట అనవచ్చు. బయటివాడి చదువు, లోపలివాడి కష్టం, లోపలివాడికే కూలి అన్న లెక్క సరైనది. ఇప్పుడు మన బడి గోడకు వద్దాం. న్యూజెర్సీ కుర్రవాడు బ్రష్షు పట్టుకుని ఎండలో నిలబడితే ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ గోడకు రంగు వేయడం తెలిసిన పెయింటర్లు తాడేపల్లిగూడెంలో కావలసినంత మంది ఉన్నారు. ఆ రోజు పని వాళ్ళకు రాలేదు. ఎంత చవగ్గా చూసినా అమెరికా నుంచి రానూపోనూ విమాన ఖర్చు తలకు లక్ష రూపాయలకు దగ్గర్లో ఉంటుంది. నలుగురికి నాలుగు లక్షలు. మన రాష్ట్రంలో ఆశా కార్యకర్తకు 2019 నుంచి ఇస్తున్న గౌరవ వేతనం నెలకు 10,000 రూపాయలు. ఆ నలుగురి టికెట్ల డబ్బుతో ఒక ఆశా కార్యకర్త మూడేళ్ళ నాలుగు నెలలు ఇల్లిల్లూ తిరుగుతుంది. ఈ రకం లెక్కను కర్ట్ వెర్ బీక్ అనే పరిశోధకుడు హోండురాస్‌లో వేసి చూశారు. 1998 మిచ్ తుపానులో ఇళ్ళు కూలిన కుటుంబాల్లో కొందరికి అమెరికా బృందాలు వచ్చి ఇళ్ళు కట్టాయి, కొందరికి స్థానిక సంస్థలు కట్టించాయి. తర్వాత వెళ్ళి చూస్తే ఆ కుటుంబాల బతుకుల్లో తేడా కనిపించలేదు. వచ్చి కట్టినవాళ్ళ జీవితాల్లో కూడా, తిరిగి వెళ్ళాక దానాలు పెరగడం లాంటి మార్పు పెద్దగా నిలవలేదు.

అసలు మన ప్రాంతం కష్టాలు ఎలాంటివి? పది రోజుల్లో చేయి వేయగలిగేవేనా? కొల్లేరు తీసుకోండి. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లపు నేల. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్ళు ఇందులోకి చేరి ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోవాలి. 1964 వరదల తర్వాత మిత్రా కమిటీ దగ్గర నుంచి ఈ నీటి దారి మీద కమిటీలు వేస్తూనే ఉన్నారు. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ చెరువుల మీద బతికే లంకవాసుల ఉపాధి ఏమిటన్న ప్రశ్న ఇంకా తేలలేదు. చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం డబ్బా నీళ్ళు కొనుక్కునే ఊళ్ళున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు గండి పడి విజయవాడ మునిగినప్పుడు ఆ నీళ్ళే తర్వాత కొల్లేటి లంకలను చుట్టుముట్టాయి. ఇది ఇంజనీర్లు, అటవీశాఖ, కోర్టులు, చెరువుల రైతులు, మత్స్యకారులు అందరూ కూచుని తేల్చుకోవలసిన చిక్కు. దుప్పట్లు పంచితే తీరేది కాదు. ఏలూరు పట్నం సంగతీ అంతే. 2020 డిసెంబరులో ఉన్నట్టుండి జనం ఫిట్స్ వచ్చి పడిపోయారు. 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. అప్పుడు పనికొచ్చింది ప్రభుత్వాసుపత్రి డ్యూటీ డాక్టర్లు, నర్సులు, రక్తం నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని చెప్పిన ఎయిమ్స్ ప్రయోగశాల, నీళ్ళూ కూరగాయలూ పరీక్షించిన జాతీయ సంస్థలు. ఏడాది పొడుగునా నీటి నమూనాలు తీసి రాసిపెట్టే మనిషి ఒకరు వార్డుకు ఉండి ఉంటే ఆ వెతుకులాట ఇంకా త్వరగా తేలేదేమో. ఇలాంటి పనికి ఫొటో అందం ఉండదు. మనకున్న లోటు జ్ఞానమే అనుకుంటే, 2015 నుంచి తాడేపల్లిగూడెంలో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉంది, పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదువుకునే పిల్లలను కొల్లేటి లంకల్లోకి తీసుకెళ్ళే ఏర్పాటు మనం చేసుకోలేదు గానీ, పదహారేళ్ళ అమెరికన్ కుర్రవాడు వచ్చి లెక్కలు చెబుతాడంటే బడికి తోరణాలు కడుతున్నాం.

దీనికి చాలామంది చెప్పే ఎదురుమాట బలమైనదే. వాళ్ళు వచ్చి కళ్ళారా చూస్తేనే కదా డబ్బు పంపేది, రావద్దంటే టికెట్ల డబ్బు మనకు పంపిస్తారా, ఏ ఫ్లోరిడా బీచికో వెళ్ళిపోతారు అంటారు. నిజమే, మానిన ప్రయాణం ఖర్చంతా మన ఖాతాలో పడదు. కానీ చూడకుండా డబ్బు పంపరన్న మాట మన తీరాంధ్ర చరిత్రలోనే అబద్ధమైంది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో కంటి ఆపరేషన్లు చేసిన కెనడా డాక్టర్ బెన్ గలిసన్ ఆకివీడులో పనిచేసిన ఆ బాప్టిస్టు మిషన్ మనిషే. 1963లో ఆయన పని గురించి తెలుసుకున్న కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్, సోంపేట ఆసుపత్రికి నిధులు సమకూర్చడానికి కెనడాలోనే ఉండి సంస్థ పెట్టారు. ఆపరేషన్ ఐసైట్ పేరుతో అది ఇప్పటికీ నడుస్తోంది. డబ్బిచ్చిన కాల్గరీ జనంలో అందరూ సోంపేట వచ్చి గోడలకు రంగులు వేయలేదు. వాళ్ళకు నమ్మకం కలిగించింది ఇక్కడ ఏళ్ళ తరబడి ఉన్న ఒక మనిషి లెక్క. ఇంకో సంగతి. విదేశీ విరాళాల చట్టం ప్రకారం డబ్బు తీసుకునే సంస్థకు సొంత రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, 2020 సవరణ తర్వాత ఢిల్లీ స్టేట్‌బ్యాంకు శాఖలో ఖాతా ఉండాలి, ఒక సంస్థ తీసుకున్న విదేశీ డబ్బు మరో సంస్థకు మళ్ళించడానికి లేదు. ఈ నిబంధనల వల్ల చిన్న సంస్థలు ఇబ్బంది పడుతున్నాయి, ఆ బాధ నిజమైనదే. అయితే అతిథి జేబులో తెచ్చిన డాలర్లతో పని నడుపుకుందామనుకోవడం ఆ బాధకు మందు కాదు, కొత్త చిక్కు.

డాక్టర్ల మాటేమిటని ఇంకొకరు అడుగుతారు. గోడకు రంగు వేయడం వేరు, గుండె జబ్బు చూసే స్పెషలిస్టు రావడం వేరు. ఒప్పుకుంటాను, తేడా ఉంది. కానీ ఒక పూట క్యాంపులో బీపీ చూసి నెల మాత్రలు ఇస్తే రెండో నెల ఎవరిస్తారు? ఆ మనిషి కాగితాలు ఏరియా ఆసుపత్రిలో ఎవరి దగ్గర ఉంటాయి? శుక్లం తీసిన కంటికి వారం తర్వాత ఎర్రదనం వస్తే ఎవరు చూస్తారు? మన ఏలూరు పక్కన సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి.ప్రసాద్ పేరుతో హైదరాబాదులో కంటి ఆసుపత్రి ఉంది. 1987లో దాన్ని మొదలుపెట్టిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు అమెరికాలో స్థిరపడిన డాక్టరే. ఆయన సెలవుల్లో వచ్చి క్యాంపులు పెట్టి వెళ్ళలేదు, వచ్చేశారు. ఆ సంస్థ ఊళ్ళకు ఎలా చేరిందో చూస్తే నా వాదన ఇంకా స్పష్టమవుతుంది. స్థానిక యువతీ యువకులకు ఏడాది పాటు శిక్షణ ఇచ్చి, పల్లెల్లో కంటి కేంద్రాలు తెరిచి వాళ్ళను అక్కడే కూర్చోబెట్టింది. అందరూ ఇలా అమెరికా వదులుకుని రావాలని నేననడం లేదు, ఎవరి బతుకు వాళ్ళది. రెండు వారాలకే వచ్చే డాక్టరు కూడా రోగిని తానే చూసేయకుండా, జిల్లా ఆసుపత్రి కుర్ర డాక్టర్ల పక్కన నిలబడి, వాళ్ళ చేత చేయిస్తే ఆ రెండు వారాలకు విలువ ఉంటుంది.

ఇక మూడో అభ్యంతరం, నాకు అన్నిటికన్నా గట్టిగా కనిపించేది. పాత మిషనరీలను ఆదర్శంగా చూపిస్తున్నావే, వాళ్ళు బ్రిటిష్ పాలన నీడలో వచ్చినవాళ్ళు కదా, మతం మార్చడమే వాళ్ళ పని కదా అన్నది. అవును, వాళ్ళ ఉద్దేశం దాచిపెట్టింది కాదు. ఎక్కువ కాలం ఉన్నంత మాత్రాన మంచే జరుగుతుందన్న భరోసా కూడా లేదు. అందుకు నరసాపురం లేసే సాక్ష్యం. మిషనరీ కుటుంబాల స్త్రీలు పేద ఆడవాళ్ళకు నాలుగు రాళ్ళు వస్తాయని నేర్పిన కుట్టుపని అది. నూటాయాభై ఏళ్ళు దాటినా నిలిచే ఉంది. కానీ జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఈ లేసు కుట్టేవాళ్ళ మీద రాసిన పుస్తకం చూపించిందేమిటి? లక్షమందికి పైగా ఆడవాళ్ళు ఇళ్ళలో కూచుని కుడుతుంటే, ఎగుమతి వ్యాపారులు పైకొచ్చారు, కుట్టినవాళ్ళు ఖాళీ సమయంలో ఏదో చేసుకునే గృహిణులుగానే మిగిలిపోయారు. విద్య అందింది, ధర నిర్ణయించే హక్కు అందలేదు. కాబట్టి ఎంతకాలం ఉన్నారన్నది మాత్రమే కొలబద్ద కాదు, నిర్ణయం ఎవరి చేతికి వచ్చిందన్నదే ముఖ్యం. ఇవాళ్టి అతిథులకు పాత మిషనరీల ఓపిక లేదు, పాత బ్రిటిష్ పాలన అండా లేదు. చట్టం కూడా హద్దు గీసింది. టూరిస్టు వీసాతో వచ్చినవాళ్ళు నెలకు మించకుండా, డబ్బు తీసుకోకుండా స్వచ్ఛంద సేవ చేయవచ్చు. మతప్రచారానికి మాత్రం మిషనరీ వీసా వేరే ఉంది. 2021 నోటిఫికేషన్ తర్వాత ఓసీఐ కార్డున్న తెలుగువాళ్ళకు కూడా ఆ పనికి ప్రత్యేక అనుమతి కావాలి. సభలో మైకు అందించే ముందు నిర్వాహకులు ఈ సంగతి అతిథికి చెప్పడం మర్యాద. చెప్పకుండా చిక్కులో పడేయడం ఆతిథ్యం అనిపించుకోదు.

ఈ అతిథులు వెళ్ళే పిల్లల హోముల విషయంలో మాత్రం నాకు అటూ ఇటూ అనేందుకు ఏమీ లేదు. కొత్త మనుషులు వారం పాటు ఎత్తుకుని, ముద్దుచేసి, వెళ్ళిపోతుంటారు. మళ్ళీ కొత్తవాళ్ళు. పసివాళ్ళ మనసుకు ఇది మంచిది కాదు. అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ప్రపంచవ్యాప్తంగా అయిదుగురిలో నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని సేవ్ ద చిల్డ్రన్ సంస్థ 2009లో చెప్పింది. అంటే చాలా చోట్ల కొరత అమ్మానాన్నలది కాదు, ఇంట్లో అన్నానికీ చదువుకూ డబ్బుది. అతిథులు చూడటానికి వస్తారని హోములో పిల్లలు ఉండాల్సిన పరిస్థితి ఏర్పడితే, ఆ సేవ పిల్లలను ఇంటికి దూరం చేస్తున్నట్టే. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వం మీద చట్టం చేసేటప్పుడు ఈ సంగతిని తీవ్రంగా పట్టించుకుంది. మన 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని హోము నడపడం నేరం. రిజిస్ట్రేషన్ ఉన్న చోట కూడా అతిథుల కుటుంబాన్ని పిల్లల గదుల్లోకి పంపనవసరం లేదు. వార్డెన్ల జీతం సంగతి మాట్లాడితే చాలు.

ఇప్పుడు మన సంగతి. అతిథి ఏమడిగినా కాదనలేకపోవడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. వాళ్ళు గోడకు రంగు వేస్తామంటే గోడ చూపిస్తాం. ఆటల వస్తువులు తెస్తామంటే సరేనంటాం. నిజంగా కావలసింది మరుగుదొడ్డికి నీటి పంపు అని నోరు విప్పి చెప్పం, చెబితే వాళ్ళు నొచ్చుకుంటారేమోనని, వచ్చే ఏడు రారేమోనని. వాళ్ళ వెంట తిరగడానికి పంతులుగారి బడి రెండు వారాలు మూతపడుతుంది, కారు, భోజనం, అనువాదం, పూలదండలు అన్నీ మన నెత్తిన పడతాయి, ఆ ఖర్చు ఏ లెక్కలోనూ రాయం. 1968లో మెక్సికోలో అమెరికన్ విద్యార్థుల సభలో ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుడు, సేవ చేయడానికి రాకండి, చూడటానికీ నేర్చుకోవడానికీ రండి అన్న అర్థంలో ముఖం మీదే చెప్పారు. అంత కటువుగా మనం అనలేం, అనక్కర్లేదు కూడా. ఆగస్టులో ఒక ఉత్తరం రాస్తే సరిపోతుంది. మాకు ఈ ఏడు కావలసినవి ఇవీ అని మూడు వాక్యాలు. ఇక్కడి నర్సుకు ఈ పరికరం వాడటం నేర్పగలవారు మీలో ఉంటే రండి, లేకపోతే మామూలు అతిథులుగా రండి, పిల్లలకు కొల్లేరు చూపిస్తాం, గూడబాతులను చూద్దురు, మా ఇంట్లో భోంచేయండి, దాన్ని సేవ అనవద్దు. తిరిగి వెళ్ళాక మీ ఊళ్ళో చెప్పాల్సి వస్తే ఫలానా నర్సు జీతం ఏడాదికి ఇంత అని చెప్పండి. ఈ ఉత్తరానికి కొందరు జవాబు రాయకపోవచ్చు. జవాబు రాసినవాళ్ళతో ఏం చేయాలో కైకలూరులో ఒక కమిటీ, అందులో ఆశా కార్యకర్త, హెడ్మాస్టరు, లంక నుంచి ఒక మత్స్యకారిణి కూచుని ముందే మాట్లాడుకోవచ్చు.